పదహారో మెట్టు

మొగుడి మీద ఆవిడకున్న ఫిర్యాదులన్నీ రాస్తే ఒక పుస్తకమవుతుంది. అందులో మొదటి పేజీ ఇది: ముప్ఫై ఏళ్ళు లిఫ్టుల కంపెనీలో ప్రోగ్రాములు రాసి ఊళ్ళోవాళ్ళందర్నీ ఎక్కించి దించిన మనిషి, కట్టుకున్నదాన్ని మాత్రం లిఫ్టు లేని ఇంట్లో పెట్టి పదిహేడు మెట్లు ఎక్కించాడు. కూరగాయల సంచీతో సహా.

రెండో పేజీ, ఆయన కనిపెట్టిన కంప్యూటర్ భాష. పేరు 'నాలుగు'. అందులో ఉన్నవి నాలుగే గుర్తులు మరి. ఒకటి వెయ్యి, ఒకటి తియ్యి, పక్క గడికి జరుగు, గడి ఖాళీ అయ్యేదాకా మళ్ళీ చెయ్యి. అంతే. గుణకారం కావాలన్నా ఆ నాలుగింటితోనే కిందా మీదా పడాలి. లోకంలో ఇలాంటి పిసినారి భాషలు తయారుచేసుకుని మురిసిపోయేవాళ్ళు చాలామందే ఉన్నారట.

"ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలీని మనిషికి ఏమీ లేని భాషే హాయి. వెతుక్కునే పనుండదు" అనేది ఆవిడ.

ఆ భాష వచ్చినవాళ్ళు ప్రపంచం మొత్తానికి ఇద్దరు. ఆయనా, కూతురూ.

కూతురికి ఏడేళ్ళప్పుడు, "ఎన్ని గళ్ళు పెడదామే పిచ్చుకా?" అని ఆయన అడిగితే, అది బయటికి పరిగెత్తి మెట్లు లెక్కపెట్టుకొచ్చింది. పదిహేడే పెట్టాడు. తెర మీద ఒకదాని మీద ఒకటి పదిహేడు గళ్ళు. మనం ఏ గడిలో ఉంటే ఆ గడి పసుపుపచ్చగా వెలుగుతుంది. జరగమనే బాణం గుర్తు వేస్తే ఒక మెట్టు పైకి. పదిహేడోది ఇంటి గుమ్మం. అది దాటితే మళ్ళీ ఒకటో మెట్టు.

"మరి దిగడం ఏది నాన్నా?"

"అక్కర్లేదమ్మా. ఎక్కుతూ పోతే కిందికే వస్తావు."

"అంటే రెండో మెట్టు నుంచి ఒకటో మెట్టుకి రావాలంటే మనింట్లోంచి చుట్టూ తిరిగి రావాలా? నీ లిఫ్టులు కూడా ఇంతేనా?"

వంటింట్లో ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆయన నవ్వలేదు. దిగే బాణం పెడితే గుర్తులు ఐదవుతాయి. ఐదైతే అది 'నాలుగు' ఎలా అవుతుంది?

పిల్ల పెద్దదై, వేరే ఊళ్ళో ఉద్యోగంలో చేరి, అలాంటి భాషల పిచ్చి ఉన్నవాళ్ళ సభలో 'నాలుగు' గురించి మాట్లాడింది. దిగే బాణం తనే కలిపి చూపించింది. అందరూ చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న తండ్రి లేచి మైకు అడిగి మరీ తీసుకున్నాడు.

"ఇది నా భాష కాదు. నాలుగింటితో నెట్టుకురాలేక మా అమ్మాయి దొంగదారి పట్టింది."

పిల్ల తెర ఆపేసి వేదిక దిగింది. బయటికొచ్చాక, "అది భాష కాదు నాన్నా, నీ మొండితనం" అంది.

"ఆ గుర్తు తీసేసిన రోజున మా గుమ్మం ఎక్కు" అన్నాడాయన.

ఆవిడ పెద్దగా పట్టించుకోలేదు. "ఇద్దరికే వచ్చిన భాష, ఆ ఇద్దరికీ మాటల్లేవు" అని ఫోన్లో చెల్లెల్ని నవ్వించింది. ఎవరో ఒకరు దిగొస్తారులే అనుకుంది. రెండేళ్ళపాటు అలాగే అనుకుంది.

నాలుగు రోజుల జ్వరం, అంతే. వీళ్ళు ఆ ఊరి ఆస్పత్రికి చేరేసరికి పిల్లకి స్పృహ లేదు. మళ్ళీ రాలేదు. ఆయన మంచం చివర నిలబడి, పిల్ల కాళ్ళ మీద దుప్పటి సర్దిందే సర్దుతూ ఉండిపోయాడు.

రెండు నెలలకి, పిల్లతో ఒకే గదిలో ఉన్న అమ్మాయి సామాను పంపింది. బట్టలు, జత తప్పిన ఒక చెవిదుద్దు, ఒక గళ్ళ నోటు పుస్తకం. పుస్తకంలో చివరి పేజీ నిండా పెన్సిల్ గుర్తులు. పైన 'మన మెట్లు' అని రాసుంది.

ఆయన వెంటనే కూర్చుని టైపు చేశాడు. వెలుగు ఒకటో మెట్టు నుంచి ఎక్కుతూ పోయి, పదహారో మెట్టు మీద నిలబడిపోయింది. కింద ఎర్రక్షరాలు: ఈ గుర్తు తెలియదు.

"దిగే బాణం వాడింది" అన్నాడు.

"అయితే పెట్టండి."

"అక్కర్లేదు. ఒక మెట్టు దిగే బదులు పదహారు ఎక్కినా అదే చోటికొస్తుంది. మార్చి రాస్తాను."

వారం రోజులు రాశాడు. దిగే బాణం ఒక్కోటీ తీసేసి, దాని చోట ఎక్కే బాణాలు పదహారు. ఆవిడ పెట్టిన కాఫీ చల్లారిపోయేది. ఇదివరకైతే దాని మీద ఒక పేజీ ఫిర్యాదు ఉండేది. ఇప్పుడు మాట్లాడకుండా మళ్ళీ కలిపి తెచ్చేది.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం, "ఓసారి రా" అని పిలిచాడు.

వెలుగు పదహారో మెట్టు దాకా ఎక్కింది. అక్కడ ఆ గడిలో ఒకటి వేసింది, తీసింది. వేసింది, తీసింది. ఒకటి, సున్నా, ఒకటి, సున్నా. తర్వాత పైకి జరిగి, గుమ్మం దాటి, గిర్రున చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. గుమ్మం, మళ్ళీ గుమ్మం, మళ్ళీ గుమ్మం.

"చూశావా, ఇంట్లోకొచ్చింది! ఎన్నిసార్లు వస్తోందో చూడు!" ఆయన మొహం వెలిగిపోయింది. రెండు నెలల్లో మొదటిసారి.

అలాగే వదిలేద్దామా అని ఆవిడకి ఒక్క క్షణం అనిపించింది.

"రాలేదండీ."

"ఏంటి?"

"పిల్ల గుమ్మం ఎక్కలేదు. పోయినేడు వచ్చింది. మీరు ఇదే కుర్చీలో ఉన్నారు. తలుపు కన్నంలోంచి నేను చూశాను. పదహారో మెట్టు మీద నిలబడి బెల్లు మీదికి చెయ్యి ఎత్తింది, దించింది. ఎత్తింది, దించింది."

"తలుపు తియ్యలేదా నువ్వు?"

"తియ్యలేదు. ఇద్దరిలో ఎవరు ముందు లొంగుతారో చూద్దామనుకున్నాను. నవ్వుకున్నాను కూడా." ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తర్వాత దిగిపోయింది. ఒక్కో మెట్టూ దిగింది. మీరు రాసినట్టు మనింట్లోంచి పోలేదు."

ఆయన కీబోర్డు దగ్గరికి లాక్కుని ఐదో గుర్తు కలిపాడు. ఏళ్ళ తరబడి పెట్టనన్నదానికి పది నిమిషాలు పట్టింది. పిల్ల రాసిన పేజీ ఉన్నదున్నట్టు మళ్ళీ ఎక్కించాడు.

వెలుగు పదహారో మెట్టు దాకా ఎక్కింది. ఒకటి, సున్నా, ఒకటి, సున్నా. పదిహేను, పద్నాలుగు, పదమూడు... ఒకటో మెట్టు దాకా దిగింది.

అయిపోయిందనుకున్నారు. మళ్ళీ ఎక్కింది. ఒకటి, సున్నా. మళ్ళీ దిగింది. మూడోసారీ ఎక్కింది, మూడోసారీ దిగింది. ఒకటో మెట్టు మీద ఆగి, ఇంక కదల్లేదు.

"నేను చూసింది ఒక్కసారే" అంది ఆవిడ. ఎంత మెల్లగా అందంటే, తన మాట తనకే వినపడలేదు.

ఆయన లేచాడు. వీధి తలుపు తీసి గుమ్మంలో నిలబడ్డాడు. ఒక మెట్టు దిగి, పదహారోదాని మీద ఆగాడు. బెల్లు వైపు చూశాడు. చెయ్యి ఎత్తి, నొక్కకుండానే దించేశాడు. ఆవిడ వెనకాలే వచ్చి నిలబడింది.

"పిచ్చుకా," అన్నాడు ఖాళీ మెట్ల వైపు, సభలో మైకు పట్టుకున్నప్పటంత గట్టిగా, "దిగే బాణం ఉండాల్సిందే. తప్పు నాదే."