గాలిలో దాక్కున్న నీళ్లు

గాలిని కుక్కి నింపే ఎర్ర కంప్రెసర్ ట్యాంకు మా ఇంటికి వచ్చినప్పటి నుంచి నాకు గాలి అంటే భక్తి పుట్టింది. స్విచ్చి వేయగానే మోటారు గుర్రుమంటుంది, మీటరులో ముల్లు మెల్లగా పైకి పాకుతుంది, ఉన్నట్టుండి అంతా నిశ్శబ్దం. ఆ ఇనుప కడుపులో ఒక గాలివాన ముడుచుకుని కూర్చుందంటే ఎవరు నమ్ముతారు?

నాన్న ఇరవై ఏళ్లు ఎవరి షెడ్డులోనో కార్లకు రంగులు వేశాడు. ఇప్పుడు మా పెరట్లోని రేకుల గదిలోనే సొంతంగా మొదలుపెట్టాడు. మొదటి కారు మా సైన్సు టీచరుది. దాని బానెట్‌కు రెండు రోజులు రంగు వేస్తే రెండు రోజులూ సన్నటి గుంటలు పడ్డాయి.

"కారుకి ఆటలమ్మ పోసిందిరా!" అంది నానమ్మ.

"నువ్వూరుకోమ్మా. రేపు సాయంత్రానికి బాగవకపోతే కారు తీసుకెళ్లిపోతానంది టీచరమ్మ. ఏ మొహం పెట్టుకుని మళ్లీ ఆ షెడ్డుకి పోను?"

దుమ్మేమోనని నాన్న అప్పటికే నేల తడిపి చూశాడు. రంగు డబ్బా మార్చాడు. లాభం లేకపోయింది.

రోజూ నాన్న పని రాసుకునే నా డైరీ తిరగేస్తే ఒక సంగతి కనబడింది. మొదటి రోజు ముందుగా వేసిన తలుపు నున్నగా వచ్చింది. రెండో రోజు ముందుగా వేసిన డిక్కీ కూడా అంతే. మోటారు అరగంట తిరిగాక వేసిన బానెట్‌కే గుంటలు. నాన్న అన్నానికి లేచినప్పుడు వెళ్లి ట్యాంకు పక్క పైపు ముట్టుకున్నాను. చెయ్యి చురుక్కుమంది. నీళ్లు పట్టే ఫిల్టరు అక్కడే బిగించి ఉంది, దాని గాజు గిన్నెలో చుక్క లేదు. రంగు చిమ్మే గన్ విప్పి ఉన్న రబ్బరు పైపు గాలిని అద్దం ముక్క మీదికి వదిలాను. అద్దమంతా చెమర్చింది!

నాకు నలుగురిలో నోరు పెగలదు. 'ఆవిరి వేడిగా ఉన్నంతసేపు ఆవిరే నాన్నా, చల్లటి మూత తగిలితేనే చుక్క అవుతుంది. మన గాలి ఫిల్టరు దాటాక చల్లారి, ఆ చుక్కలే రంగులో గుంటలు పెడుతున్నాయి. ఫిల్టరు దూరంగా ఉండాలేమో' అని డైరీలో రాసి, ఆ పేజీ తెరిచి ఆయన కంచం పక్కన పెట్టి తలుపు వెనక్కి తప్పుకున్నాను.

నాన్న రెండుసార్లు చదివాడు. "ఏమే, చెబితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయా?"

లేచి వెళ్లి ట్యాంకు అడుగున మర తిప్పాడు. బుస్సుమంటూ తుప్పు రంగు నీళ్లు, చెంబెడు! ఎవరూ పోసినవి కావు. మేం పీల్చే గాలిలోంచే వచ్చాయి.

"గాలిని పిండితే నీళ్లొస్తాయట్రా!" నానమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

ఆ పూటంతా నాన్నా నేనూ, గాలి దారిలోనే చల్లారేలా, ఇనుప పైపును గది మూడు గోడల చుట్టూ తిప్పాం, నీళ్లు వెనక్కి జారేలా ట్యాంకు వైపు కాస్త వాలు ఇచ్చి. ఫిల్టరును చిట్టచివర, గన్ పైపు దగ్గర బిగించాం.

మర్నాడు నాన్న కావాలనే మోటారును అరగంట తిప్పాడు. గాజు గిన్నెలో ఒక చుక్క మెరిసింది. తర్వాత ఇంకొకటి. రంగు పొగమంచులా లేచి బానెట్ మీద వాలింది. ఒక్క గుంట లేదు. తలుపులోంచి కనబడే మబ్బు అద్దంలాంటి ఆ నల్లటి బానెట్‌లోకి దిగి మెల్లగా నడిచి వెళ్లింది.

సాయంత్రం టీచరమ్మ వంగి వంగి చూసింది. "వచ్చే వారం మా అక్క కారు కూడా పంపిస్తాను. ఇంతకీ ఏం చేశారండీ?"

"మా అమ్మాయిని అడగండి," అని నాన్న గన్ కడగడానికి వెళ్లిపోయాడు.

బడిలో ఆవిడ అడిగిన ఏ ప్రశ్నకూ నేను లేచి నిలబడింది లేదు. ఆవిడ నా వైపు తిరిగింది. బానెట్‌లోని టీచరమ్మ కూడా నా వైపే తిరిగింది.

"అన్నం గిన్నె మీద మూత ఉంటుంది కదా టీచర్..." అన్నాను.