గడప మీద నల్ల గ్లౌజు

తెల్లారితే బుచ్చమ్మకు గ్లౌజులు ఉతికే పని. యూసుఫ్‌గూడలో ఆమె కిరాయికుండే గది ముందు తాడు మీద హంతకుల నల్ల గ్లౌజులు ఆరుతుంటే, వాటి కింద నుంచి తల వంచుకుని ఆమె మొగుడు జంగయ్య షూటింగుకు పోయేవాడు. అతను ఫైటరు. ఏ సినిమాలోనైనా హీరో చేతిలో అందరికన్నా ముందు చచ్చేది అతనే.

ఆ ఏడాది ఫిల్మ్‌నగర్ బండల మధ్య డైరెక్టరు అచ్యుతరామయ్య నాలుగొందల ఏళ్ల కిందటి వెనిస్ నగరం సెట్టు వేయించాడు. కాలువలు, వంతెనలు, పడవలు, అన్నీ. సెట్టు మరీ బాగా కుదిరింది కాబోలు, ఆ ఊరి రహస్య హంతకుల సంఘం తనంతట తనే వచ్చి చేరింది. జూనియర్ ఆర్టిస్టుల ఖర్చు తప్పిందని నిర్మాత సంతోషించాడు. వాళ్ల గ్లౌజులు ఉతికే పని బుచ్చమ్మకు దొరికింది. మధ్యాహ్నం వాళ్లు ముసుగులు పైకెత్తి పంక్తిలో కూర్చుని, సాంబారు మళ్లీ మళ్లీ అడిగి మరీ తినేవాళ్లు.

వాళ్లది ఒకటే చట్టం. నల్ల గ్లౌజు ఎవరి గడప మీద పడితే ఆ ఇంటి మగమనిషి మర్నాడు పొద్దుగుంకేలోగా చావాలి. ఆ సంగతి తెలిసి కూడా బుచ్చమ్మ ఒక సాయంత్రం క్లిప్పులు పెట్టడం మరిచింది. గాలికి ఓ గ్లౌజు ఊడి గడప మీద పడింది. బట్టల కోసం వచ్చిన సంఘ పెద్ద దాన్ని చూసి, టోపీ తీసి జంగయ్యకు నమస్కారం పెట్టాడు. ఆ పెద్దకు పెదవులు ముందు కదిలి మాట తర్వాత వినపడేది, డబ్బింగు సినిమాలోలాగే.

"క్షమించాలి. రేపు మిమ్మల్ని చంపవలసి ఉంది."

బుచ్చమ్మ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఫలానా కత్తితోనే చంపాలని మీ చట్టంలో ఉందా అని అడిగింది. లేదు, మనిషి పడాలి, మేం చూడాలి, అంతేనన్నాడు పెద్ద. తెల్లారగానే ఆమె అచ్యుతరామయ్యను కాళ్లావేళ్లా పడి బతిమాలి, ఆనాటి హత్య సీనులో చచ్చే వేషం మొగుడికి ఇప్పించింది.

క్లాప్ పడింది. అట్టకత్తి దిగింది. వంతెన మీద జంగయ్య పడ్డాడు. సంఘ పెద్ద తృప్తిగా తలాడించి, మా పని పూర్తయింది, ఇక అతను లేచినా మాకు అభ్యంతరం లేదన్నాడు. జంగయ్య మాత్రం లేవలేదు. బుచ్చమ్మ అతని చెయ్యి పట్టుకుని చూస్తే చల్లబడుతోంది. అలిసి పడుకున్నాడనుకుని డైరెక్టరు ప్యాకప్ చెప్పాడు.

చనిపోయే సీను తీశాక ఆ ఆర్టిస్టును నవ్వించి ఒక షాటు తీయడం సినిమావాళ్ల ఆనవాయితీ. తీయకపోతే కీడంటారు. బుచ్చమ్మ వెళ్లి కెమెరా పట్టుకుని నిలబడింది.

"నవ్వు షాటు తియ్యుండ్రి సార్."

"అది హీరోలకమ్మా. ఫైటర్లకి ఎవరు తీస్తారు?" అన్నాడు డైరెక్టరు.

"మా ఆయన ఎన్ని సినిమాలల్ల సచ్చిండో మీకే ఎరుక. ఒక్కనాడన్న నవ్వనియ్యలే. తీసేదాంక గీ కెమెరాను గీడికెల్లి కదలనియ్య."

అచ్యుతరామయ్య ఆమె మొహంలోకి చూశాడు. కెమెరామన్‌కు సైగ చేశాడు. బుచ్చమ్మ మొగుడి పక్కన కూలబడి, ముఖం మీది రంగు నెత్తురు కొంగుతో తుడిచి, చెవిలో చెప్పింది.

"లే. నీకు క్లోజప్పు పెట్టిండ్రు."

జంగయ్య కళ్లు తెరిచాడు. తన ముఖానికి అంత దగ్గరగా కెమెరా ఎన్నడూ రాలేదు. ముందు సిగ్గుపడ్డాడు. ఆ తర్వాత గారపళ్లన్నీ బయటపెట్టి నవ్వాడు. కట్ చెప్పడం డైరెక్టరే మరిచిపోయాడు.

"ముఖం మంచిగ వచ్చిందా?" అని అడిగాడు పెళ్లాన్ని.

బుచ్చమ్మకు నిన్నటి నుంచి బిగబట్టిన ఏడుపంతా అప్పుడొచ్చింది.