సీనియరు చెప్పిన సాక్ష్యం

గొప్పలు చెప్పుకోవడం సీనియరుకు కొత్తేం కాదు. ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్న మనిషి. కంపెనీలో అందరికంటే ముందు చేరాడు కాబట్టి అసలు పేరు మరిచిపోయి అందరూ సీనియరనే పిలుస్తారు. ఆ గొప్పల వల్ల ఇన్నాళ్లూ ఎవరి కొంపా మునగలేదు. మునిగింది లేబర్ ఆఫీసులోనే.

కేసు వేసింది ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి. ఇప్పుడు ఆమె కూడా మెకానిక్కే. భర్త పోయాక ఆరేళ్ల కూతుర్ని ఒక్కతే పెంచుకుంటోంది. మెకానిక్కులు మొత్తం నలుగురు, ఒక్కొక్కరికి నెలకో వారం ఆన్‌కాల్. ఆ వారం మూడింటికి డ్యూటీ దిగింది మొదలు మర్నాడు పొద్దునదాకా, ఎక్కడ లిఫ్టు ఆగినా ఫోను మోగిన అరగంటలో అక్కడుండాలి. ఫోను మోగితే చేసిన పనికి డబ్బులిస్తారు. మోగకపోతే వారమంతా కాచుకుని కూర్చున్నా ఏమీ రాదు. ఆమె మాత్రం ఫోను మోగినా మోగకపోయినా పిల్ల దగ్గర ఒక మనిషిని పెట్టుకోవాల్సిందే. అందుకే, కాచుకుని కూర్చున్న గంటలకూ జీతం ఇమ్మంది.

విచారణ రోజున అధికారిణి నియమం విడమరిచి చెప్పింది. ఆ సమయాన్ని ఉద్యోగి తన ఇష్టం వచ్చినట్టు గడపగలిగితే అది సొంత సమయం. గడపనివ్వకుండా కట్టిపడేస్తే అది పని, దానికి జీతం ఇచ్చి తీరాలి. తర్వాత సాక్షిగా వచ్చిన సీనియరు వైపు తిరిగింది.

“ఆన్‌కాల్ వారంలో ఇంట్లో ఏం చేస్తుంటారండీ?”

ఉన్నదున్నట్టు చెబితే సరిపోయేది. ఆ వారం ఆయన కాలుగాలిన పిల్లిలా ఇంట్లోనే తిరుగుతాడు. స్నానానికి వెళ్తే భార్య ఫోను పట్టుకుని తలుపు బయట కాపలా కాస్తుంది. కూతురిల్లు గంట దూరమని, మనవడు పుట్టాడని కబురొస్తే నాలుగు రోజులు ఆగి వెళ్లి చూశాడు. కానీ ఎదురుగా మేనేజరు కూర్చున్నాడు, పక్కన తన దగ్గర పని నేర్చుకున్నవాళ్లున్నారు. ఫోనుకు భయపడి ఒంటిమీద నాలుగు చెంబులు కూడా నిదానంగా పోసుకోనని వాళ్ల ముందు చెప్పుకోవాలా? తల తీసేసినట్టుండదూ!

“నాకేంటండీ, హాయిగా ఉంటా,” అన్నాడు. “కాసేపు కునుకు తీస్తా, స్నేహితులతో పేకాడతా, బుద్ధి పుడితే మా అమ్మాయింటికి వెళ్లొస్తా. ఫోనొస్తే అప్పుడు చూసుకోవచ్చు. పని తెలిసినోడికి కంగారెందుకు?”

మేనేజరు నవ్వాడు. ఆ నవ్వు చూసి మనవాడు మరింత పొంగిపోయాడు. వాంగ్మూలం కింద సంతకం కూడా వంకరలు తిప్పి మరీ పెట్టాడు.

పది రోజులకు తీర్పొచ్చింది. అందులో ఆయన కునుకు, పేకాట, కూతురింటి ప్రయాణం వరసగా అచ్చయ్యాయి. సీనియరు మెకానిక్కే ఇలా చెప్పాడు కనుక అది సొంత సమయమే, జీతం అక్కర్లేదు. నోటీసు బోర్డు మీద అది చదివిన రోజు నుంచి మిగతా ఇద్దరూ ఆయనతో టీ తాగడం మానేశారు.

ఆమె మానలేదు. దాంతో ఆయనకు ప్రాణం ఇంకా చచ్చిపోయింది.

“అన్నా, ముప్ఫై రోజుల్లోపు అప్పీలు చెయ్యొచ్చంట,” అంది. “అప్పుడు చెప్పింది నిజం కాదని మీరు రాసిస్తే చాలు. మీరే లేబర్ ఆఫీసుకు వెళ్లి సంతకం పెట్టాలంట. లేకపోతే ఈ ఉద్యోగం నావల్ల కాదన్నా. పోయినసారి మనిషి దొరక్క, పిల్ల నిద్రపోతుంటే తాళం వేసి వెళ్లాను. తిరిగొచ్చేసరికి తలుపు దగ్గర కూర్చుని ఏడుస్తోంది.”

“రేపే వెళ్తాలే తల్లీ,” అన్నాడు.

రేపు కాస్తా ఎల్లుండయింది, ఎల్లుండి వారమయింది. కాగితం ముందేసుకుని ‘నేను చెప్పింది’ వరకు రాసేవాడు. ‘అబద్ధం’ దగ్గరికొచ్చేసరికి చెయ్యి కదిలేది కాదు.

“ఆడినప్పుడు లేని సిగ్గు రాయడానికెందుకొచ్చింది?” అని భార్య నిలదీసింది.

చూస్తుండగానే ముప్ఫయ్యో రోజు వచ్చింది. ఆ వారం ఆన్‌కాల్ ఆయనదే. ఎట్టకేలకు ఆ మాట రాసేసి, నాలుగున్నరకల్లా లేబర్ ఆఫీసు చేరాడు. ఐదింటికి మూసేస్తారు. వరసలో ముందు ఇద్దరున్నారు. అంతలో ఫోను మోగింది. ఐదంతస్తుల భవనంలో లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. లోపల ముసలావిడ ఒక్కతే ఉంది, ఊపిరాడటం లేదంటోంది.

“బాబూ, ఒక్క సంతకమే, ముందు నాది తీసుకోండి,” అని గుమాస్తాను బతిమాలాడు.

“అందరిదీ ఒక్క సంతకమేనండీ, వరసలో రండి,” అన్నాడు గుమాస్తా తలెత్తకుండా.

మిగతా ఇద్దరు మెకానిక్కులకూ ఫోన్ చేశాడు, ఎవరూ ఎత్తలేదు. ఆమెకు చెయ్యడానికి మొహం చెల్లలేదు. చేతిలో ఉన్న ముప్ఫై రోజుల్నీ తానే తగలేశాడని తెలుసు, అయినా ఆ క్షణాన అందరిమీదా కోపం వచ్చింది. బండి తీశాడు.

ముసలావిడను బయటికి తీసుకొచ్చేసరికి ఐదుంపావయింది. ఆవిడ మెట్టు మీద కూర్చుని నీళ్లు తాగి, కాస్త తేరుకుంది.

“ఎంత తొందరగా వచ్చావు నాయనా! ఇక్కడే ఎక్కడో ఉన్నావా?”

“దగ్గర్లోనే ఉంటానమ్మా,” అన్నాడు సీనియరు. “మా పనే అంత. ఈ వారమంతా వీధి చివర మందుల షాపుకు వెళ్లాలన్నా భయమే. ముద్ద నోట్లో పెట్టుకున్నా మనసంతా ఫోను మీదే. ముప్ఫై ఏళ్లుగా ఇదే బతుకు.”

“అయ్యో!” అంది ముసలావిడ. “మరి ఈ మాట అడగాల్సినవాళ్లు ఎవరూ నిన్ను అడగలేదా నాయనా?”

“అడిగారమ్మా,” అన్నాడు.