పదకొండు రోజుల అబద్ధం

2004 నవంబరు 13, శనివారం, సాయంత్రం నాలుగు గంటల పన్నెండు నిమిషాలు. నగోయా నగరపు తూర్పు శివారులో సన్నని వాన పడుతోంది, గాలి లేదు, దుకాణం గుమ్మానికి తగిలించిన ఉష్ణమాపకం పదకొండు డిగ్రీలు చూపిస్తోంది. సమయం ఇంత కచ్చితంగా చెప్పగలగడానికి కారణం ఉంది. నా కడుపులో ఒక గడియారం నడుస్తూ ఉంటుంది. ప్లగ్గు పీకేసినా అది ఆగకుండా ఉండేందుకు చిన్న బ్యాటరీ కూడా ఉంది. నేను ఒక ఇరవై ఒక్క అంగుళాల టెలివిజన్ను. పాత సామాను అమ్మే ఆ దుకాణంలో ఒక కుట్టుమిషనుకూ ఒక రైస్ కుక్కరుకూ నడుమ తొమ్మిది నెలలుగా కూర్చుని ఉన్నాను.

“ఇది చాలండీ,” అంది హైమ. ఆమెకు అప్పుడు ఆరో నెల.

“కొత్తది కొందామంటే వద్దంటావు. తీరా ఇంటికెళ్ళాక ఇది కిక్కురుమనకపోతే?” అన్నాడు ఆమె భర్త ఫణీంద్ర. అతడు కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు.

“మీరు పొద్దున పోతే రాత్రికొస్తారు. ఈ ఊళ్ళో పక్కింటివాళ్ళు దగ్గినా వినపడదు. అర్థం కాకపోతే పోనీండి, ఇంట్లో ఒక మనిషి గొంతు ఉండాలి.”

నేను మాట్లాడతానో లేదో చూశారు. నేను ఎవరి ఇంట్లో మాట్లాడి వచ్చానో అడగలేదు. అడగనిదానికి జవాబు చెప్పే అలవాటు మా జాతికి లేదు.

నన్ను 1993లో ఒక కర్మాగారంలో స్త్రీల చేతులు కూర్చాయి. చివరి చేయి ఒక నడివయసు మనిషిది. ఆమె నా నల్లటి అద్దంలో తన జుట్టు సవరించుకుని, ఆ తరువాతే నేను పనికొస్తానని చీటీ అంటించింది. మనుషులు లోకాన్ని చూడటానికే నా ముందు కూర్చుంటారన్న మాట ఆ రోజు నుంచీ నేను నమ్మలేదు.

నన్ను కొన్నది కువబరా షిజుయె అనే వృద్ధురాలు. భర్త పోయాడు, పిల్లలు లేరు. అయిదంతస్తుల అద్దె ఇళ్ళ సముదాయంలో 304వ నంబరు ఇల్లు. ఉదయం ఆరు గంటల ఇరవై అయిదు నిమిషాలకు వచ్చే వ్యాయామ కార్యక్రమం కోసం నా అంతట నేనే వెలిగేలా, రాత్రి తొమ్మిదికి నేనే ఆరిపోయేలా ఆమె గడియారం అమర్చింది. చెవులు మందం కనుక, వెలిగిన ప్రతిసారీ శబ్దం ముప్పై ఎనిమిదిలో మొదలయ్యేలా పెట్టింది. ఆ మోత గోడ దాటి 303లోకి వెళ్ళేది. అక్కడ ఇవాతా నొబుకో ఉండేది. పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇద్దరూ మెట్ల మీద ఎదురుపడితే తల వంచుకోవడమే తప్ప మాట్లాడుకున్నది తక్కువ. కానీ నా మోత వినగానే ఇవాతా “బతికే ఉంది” అని గోడతో అని, టీ పెట్టుకునేది.

2004 ఫిబ్రవరిలో ఒక సాయంత్రం షిజుయె నా ముందు, చాప మీద, పక్కకు ఒరిగింది. మళ్ళీ లేవలేదు. మరునాడు ఆరు ఇరవై అయిదుకు నేను వెలిగాను. నాకు ఆజ్ఞ ఇచ్చిన చేయి చల్లబడింది కానీ ఆజ్ఞ చల్లబడలేదు. గోడ అవతల ఒక మనిషి “బతికే ఉంది” అని టీ పెట్టుకుంది. పదకొండు ఉదయాలు అలాగే గడిచాయి. కింద ఉత్తరాల పెట్టె నిండి పొర్లిన తరువాత తలుపు తెరిచారు. పదకొండో రోజంటే తెలుగువాళ్ళకు ఏమిటో నాకు తరువాత హైమ ఫోనులో మాట్లాడుతుండగా తెలిసింది. అప్పటికి నాకు అది ఒక అంకె మాత్రమే.

ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు నన్ను దగ్గరలో ఉన్న పాత సామాను దుకాణానికి అమ్మారు.

ఇక ఆ శనివారం సాయంత్రం. ఫణీంద్ర నా మీద దుప్పటి కప్పి, దుకాణం వాళ్ళ తోపుడుబండి మీద తోసుకుంటూ బయలుదేరాడు. నాకు ఏమీ కనిపించలేదు. ఏడు నిమిషాల తరువాత మెట్లు మొదలయ్యాయి. రెండో మలుపు దగ్గర ఒక మెట్టు వదులుగా కదిలింది. ఆ కదలిక నాకు తెలుసు. ఎడమకు తిరిగాం. తలుపు తెరుచుకుంటూ కీచుమంది. ఆ కీచు కూడా నాకు తెలుసు.

దుప్పటి తీశారు. చాపలు కొత్తవి. గోడ కాగితం కొత్తది. గోడవార చెక్కగట్టు మాత్రం పాతది. దాని మీద నాలుగు చిన్న గుంటలున్నాయి. నా నాలుగు కాళ్ళూ వాటిలో సరిగ్గా దిగాయి.

“చూశారా, దీనికోసమే చేసినట్టుంది!” అంది హైమ సంబరంగా.

దీన్ని దయ్యం పని అనుకోవడం సులువు కనుక కారణం చెబుతాను. ఒక మనిషి ఎవరికీ తెలియకుండా చనిపోయిన ఇంటికి ఆ దేశంలో అద్దె తగ్గిస్తారు. కొత్తగా వచ్చేవాళ్ళకు ఆ సంగతి చెప్పి మరీ ఇస్తారు. దళారి చెప్పాడు, కాగితం మీద రాసిచ్చి, నిండు మర్యాద భాషలో చదివి వినిపించాడు. అర్థం కాలేదనడానికి మొహమాటపడి ఫణీంద్ర ప్రతి వాక్యానికీ తల ఊపి సంతకం చేశాడు. ఇల్లూ నేనూ రెండు దారుల్లో వెళ్ళినా, రెండు దారులూ ఒకే చావు దగ్గర మొదలయ్యాయి. అందుకే ఒకే గుమ్మం దగ్గర కలిశాయి.

హైమ కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి నాకు బొట్టు పెట్టింది. నా తెర కింద, నట్టనడుమ, వేలి కొన పట్టేంత నల్లటి గాజు కిటికీ ఉంటుంది.

“ఎంత ముచ్చటో! బొట్టుకని జాగా వదిలి మరీ చేశారండీ,” అని అక్కడే తడి పసుపు దట్టంగా రాసి, మీద కుంకుమ అద్దింది.

ఆ కిటికీ నా చెవి. రిమోటు చెప్పేది నేను వినేది దానితోనే. గడియారం అమర్పు మార్చాలంటే రిమోటు తప్ప దారి లేదు.

మరునాడు ఆరు ఇరవై అయిదుకు నేను ముప్పై ఎనిమిదిలో మోగాను. ఫణీంద్ర పక్క మీద నుంచి ఎగిరిపడ్డాడు. రిమోటు నొక్కాడు, చరిచాడు, బ్యాటరీలు మార్చాడు. గోడ అవతల పింగాణీ కప్పు ఒకటి కింద పడి పగిలింది. ఆ చప్పుడు నేనొక్కదాన్నే విన్నాను.

“రిమోటు చచ్చింది. ప్లగ్గు పీకేస్తే పీడా పోతుంది,” అన్నాడు.

“పీకకండి. మా అమ్మమ్మ ఇలాగే అరిచి లేపేది. అలవాటు పడితే అదే బాగుంటుంది,” అంది హైమ.

బొట్టు తుడిచి చూస్తే తెలిసిపోయేది. కానీ పెట్టిన బొట్టు తుడవడమనే ఆలోచన ఆ ఇంట్లో పుట్టదు. ప్రతి శుక్రవారమూ పాతదాని మీదే కొత్తది దిద్దేవారు.

మూడో రోజు ఇవాతా వచ్చింది. గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ముఖంలో రక్తం లేదు. మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకు తాకేలా నాకు వంగింది, చాలాసేపు లేవలేదు.

“చూశారా, పిన్నిగారికి ఎంత భక్తో! బొట్టు కనపడితే చాలు,” అని హైమ గుసగుసలాడింది.

“సౌండు ఎక్కువైందా అండీ?” అని ఫణీంద్ర వచ్చీరాని జపానీలో అడిగాడు.

ఇవాతా హైమ పొట్టను చూసింది, నన్ను చూసింది. చనిపోయిన మనిషి సంగతి ఆ ఇద్దరి ముందూ ఎత్తలేదు. “కొంచెం,” అంది. “పొద్దున్న మోగగానే తగ్గించండి, ఓకుసాన్.” ఇల్లాలిని వాళ్ళు పిలిచే పిలుపు అది. “రోజూ తగ్గించండి. మీ చేత్తో.”

ఆ రోజు నుంచి హైమ లేచి వచ్చి, నా బొత్తాం నొక్కి నొక్కి మోతను పన్నెండుకు దించేది. తరువాత నైటీ అంచు పైకి పట్టుకుని, తెర మీది అమ్మాయితో పాటు చేతులు ఊపుతూ నవ్వుకునేది. గోడ అవతల ఇవాతా మోత విని నమ్మేది కాదు. మోత తగ్గేదాకా టీ కప్పు పట్టుకుని ఆగేది. వెలగడం యంత్రమైనా చేస్తుందని, తగ్గించడానికి మాత్రం ప్రాణం ఉండాలని ఆమెకు పదకొండు రోజుల ఖరీదుకు తెలిసింది. ఈ మాట తరువాత ఆమె నోటనే విన్నాను.

2005 జనవరి 26, బుధవారం. మంచు పడుతోంది. ఫణీంద్ర కంపెనీ పని మీద హిరోషిమాలో ఉన్నాడు. నేను వెలిగేసరికి హైమ చాప మీద పడి ఉంది. షిజుయె ఒరిగిన చోటే. కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. “చేతులు పైకి, నవ్వుతూ, ఊపిరి నిండుగా,” అంటోంది తెర మీది అమ్మాయి. ఫిట్సు వచ్చి హైమ చేతులు కొట్టుకుంటున్నాయి. కాసేపు ఆ చేతులూ తెర మీది చేతులూ ఒకే తాళంలో కదిలాయి. నా దగ్గర ముప్పై ఎనిమిది మోత తప్ప మరో గొంతు లేదు. పదకొండు రోజులు అబద్ధం చెప్పిన గొంతు అదే.

ఆరు ఇరవై ఆరు. ఇరవై ఏడు. ఇరవై ఎనిమిదికి తలుపు మీద పిడికిళ్ళు పడ్డాయి.

“ఓకుసాన్! తగ్గించండి! తగ్గించండమ్మా, ఓకుసాన్!”

చెప్పుల్లేని పాదాలు మెట్లు దిగి పరుగెత్తాయి. ఆరు ముప్పై ఏడుకు వాచ్‌మన్ తాళంచెవితో తలుపు తెరిచాడు. ఇవాతా హైమ ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసింది.

“బతికే ఉంది,” అంది. ఆ మాట ఈసారి గోడతో అనలేదు.

ఆడపిల్ల పుట్టింది, కిలోన్నర బరువుతో. ఇంకో గంట గడిస్తే ఇద్దరూ దక్కేవారు కారని డాక్టరు చెప్పాడట. నా పూర్వచరిత్ర ఇవాతా అప్పుడు చెప్పింది. ఈసారి ఫణీంద్ర తల ఊపలేదు. ప్రతి వాక్యమూ రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“ఇవాళే పారేస్తాను. శవం పక్కన కూర్చుని పాటలు పాడిన టీవీ ఇది!”

“దానికి తెలిసింది ఒక్కటే మాట. వినేవాళ్ళకు ఇప్పుడు అర్థమైంది,” అంది హైమ. “బొట్టు పెట్టినదాన్ని వీధిలో పడేస్తారా?”

2006లో వాళ్ళు చెన్నైకి మారినప్పుడు నన్ను ఇవాతా అడిగి తీసుకుంది. బొట్టు తుడవకూడదని హైమ సైగలతో చెప్పింది, ఆమె తుడవలేదు. 304లోకి వచ్చిన లారీ డ్రైవరుకు ఇవాతా ఒకే ఒక మాట చెప్పి పెట్టింది: మోత తగ్గకపోతే తలుపు కొట్టమని.

2010 మార్చి 3న మోత తగ్గలేదు. అతడు ఆరు గంటల నలభై నిమిషాలకు తలుపు తెరిపించాడు. ఊపిరి ఆగిపోయింది కానీ, ఇవాతా నొబుకో చేతులు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.