పద్దెనిమిది యూనిట్లు

నకరికల్లులో ఆ వీధి వీధంతటికీ సుగర్ డాక్టరంటే లక్ష్మీతిరుపతమ్మే. పదమూడేళ్లుగా తన పొట్టకి తనే ఇన్సులిన్ పొడుచుకుంటోంది, ఇంకో నలుగురికి కూడా పొడుస్తోంది. అంతటి మనిషికి, సొంత మనవరాలు కీర్తన చిక్కిపోయి బిందెలకు బిందెలు నీళ్లు తాగుతుంటే మాత్రం తట్టలేదు. ఎండలులే అన్నది. వాంతులై, ఆయాసమొచ్చి, పదహారేళ్ల పిల్ల పిలిస్తే పలక్కుండా అయ్యాక గానీ నరసరావుపేట ఆస్పత్రికి తీసుకురాలేదు.

సుగర్ ఐదు వందల పది. డాక్టర్ ప్రభాకరరావు సెలైన్ పెట్టించాడు, అందులో పొటాషియం కలిపించాడు. ఇన్సులిన్ ఊసే ఎత్తలేదు.

"ఏందయ్యా ఇది? సుగర్ అంతుంటే ఇన్సులిన్ ఇయ్యకుండా ఉత్త నీళ్లు ఎక్కిస్తన్నారు?"

"రక్తంలో పొటాషియం అడుగంటింది మామ్మా. రెండు పాయింట్ తొమ్మిదే ఉంది. ఇప్పుడు ఇన్సులిన్ ఇస్తే ఆ ఉన్నదాన్ని కూడా రక్తంలోంచి లాగేస్తుంది. గుండె ఆగిపోవచ్చు. మూడున్నర దాటనీండి, నేనే మొదలుపెడతా."

దాటనీయాలంట! నిన్నగాక మొన్న మీసాలొచ్చినవాడు తనకి ఇన్సులిన్ గురించి చెబుతాడా అని ఆమెకి ఒళ్లు మండింది. పిల్లేమో పొటాషియం ఎక్కుతున్న చెయ్యి మంట మంటని మూలుగుతోంది. చూస్తూ ఎట్టా కూర్చుంటుంది? నర్సు అల్ఫియా పక్క మంచం దగ్గరికి పోగానే సంచిలోంచి తన సీసా తీసింది. రోజూ తను వేసుకునే లెక్కే, పద్దెనిమిది యూనిట్లు. దుప్పటి కింద పిల్ల తొడకి పొడిచి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది. హమ్మయ్య అనుకుంది కూడా.

గంటన్నర తర్వాత మళ్లీ రక్తం తీశారు. పొటాషియం రెండున్నర. పైన తెర మీద గుండె గీత గతి తప్పుతోంది. డాక్టరు పరుగున వచ్చాడు.

"ఎక్కిస్తుంటే తగ్గడమేంది? నువ్వసలు సీసాలో పొటాషియం కలిపావా అల్ఫియా?"

"కలిపాను సార్. ఖాళీ ఆంప్యూల్స్ ఇవిగో."

"మరి ఇన్సులిన్ ఏమన్నా పెట్టావా?"

"లేదు సార్. ముట్టుకోలేదు."

తిరుపతమ్మ సంచిని దగ్గరికి లాక్కుంది. చెబితే ఏమవుద్దో తెలుసు. చెప్పకపోతే కీర్తన చచ్చిపోద్దని ఆ తెర చూస్తేనే అర్థమైంది.

"ఆ అమ్మాయినేం అనబాకయ్యా. నేనే పొడిచా. పద్దెనిమిది."

డాక్టరు ఒక్క మాట తిట్టలేదు. "ఎన్నింటికి? సీసా చూపించండి." చూశాడు. "మిక్స్‌డ్, రెండు రకాలు కలిపింది. రాత్రిదాకా పనిచేస్తూనే ఉంటుంది." మెడ దగ్గర పెద్ద నరంలోకి గొట్టం వేసి పొటాషియం పెంచాడు. గంటగంటకీ రక్తం తీశారు. అల్ఫియా మంచం దగ్గర్నుంచి కదిలితే ఒట్టు. చీకటి పడేవేళకి మూడు పాయింట్ ఆరుకొచ్చింది, గుండె గీత దారిన పడింది. అప్పుడు డాక్టరే చిన్నగా ఇన్సులిన్ మొదలుపెట్టాడు.

తిరుపతమ్మ కొడుకు, కీర్తన తండ్రి శివనాగరాజు పిడుగురాళ్లలో సున్నపురాయి లోడు దించి, లారీ అక్కడే వదిలేసి వచ్చాడు. జరిగిందంతా డాక్టరు దగ్గర విన్నాడు.

"గండం గడిచిందిరా నాగరాజూ," అంది తల్లి.

"నువ్వు బయట కూర్చోమ్మా. పిల్ల దగ్గర నేనుంటా."

"ఏం చెయ్యన్రా, ఊరికే చూస్తా కూర్చుంటా."

"వద్దమ్మా."

గట్టిగా అరిచినా బాగుండేది. ఆమె బయటికొచ్చి తలుపు పక్కన బల్ల మీద కూర్చుంది. ఏడుపు ఆగలేదు. బతికింది, అదే చాలు అని ఎన్నిసార్లు అనుకున్నా ఆగలేదు.

కాసేపటికి లోపల్నుంచి కీర్తన గొంతు వినిపించింది, పీలగా. "నాన్నా, నానమ్మేది?"

తిరుపతమ్మ చప్పున లేచి తలుపు మీద చెయ్యి వేసింది.

"ఊరెళ్లిందమ్మా," అన్నాడు శివనాగరాజు.

ఆమె తలుపు మీంచి చెయ్యి తీసేసింది.