మూడు పూటల తీర్పు

"చారు సప్పగుంది," అన్నాడు మహిపాల్, మొదటి ముద్ద ఇంకా గొంతు దిగకముందే.

యాదలక్ష్మి వంటింటి గడపకూ ఫ్రిజ్‌కూ మధ్య నిలబడి ఉంది. పెళ్లయిన పదిహేడేళ్లుగా ఆయన తినేటప్పుడు ఆమె నిలబడే చోటు అలాంటిదే, ఇళ్లు మారాయంతే. "ఎట్లుంది?" అని అడగడం, జవాబు వచ్చేదాకా ఊపిరి బిగబట్టడం, వచ్చాక ఉప్పు డబ్బా కోసమో మజ్జిగ కోసమో లోపలికి పరుగెత్తడం. కరోనాకు ముందు ఈ తీర్పు రోజుకొక్కసారే ఉండేది. పొద్దున ఆయన హడావుడిగా మింగేసి పోయేవాడు. మధ్యాహ్నం డబ్బా మీద కోపం ఉన్నా, ఎల్బీనగర్‌లో ఇల్లు చేరేసరికి ట్రాఫిక్ మీద కోపం దాన్ని మించిపోయేది. ఇప్పుడు ఆయన పనిచేసే పైపుల కంపెనీ వాళ్లు ఇంటి నుంచే ఫోన్లు చేసి ఆర్డర్లు పట్టమన్నారు. ఆమె రిసెప్షన్‌లో కూర్చునే దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరేమో మార్చిలో తాళం వేసుకుని మళ్లీ తెరవలేదు. ఆమె ఉద్యోగం పోయింది, ఆయన ఉద్యోగం ఇంటికొచ్చింది, తీర్పులు మూడు పూటలా మొదలయ్యాయి.

వండేదానికి ఉప్పు తెలియదా అని ఎవరైనా అడగొచ్చు. తెలియదు. ఆ ఇంట్లో వంట రుచి చూస్తే ఎంగిలి. కాపురానికి వచ్చిన కొత్తలో, నల్లగొండ దగ్గరి ఊళ్లో, పప్పు గరిటె నుంచి అరచేతిలో బొట్టు వేసుకుని నాలుకకు ఇంకా తాకించలేదు, అత్త అండాలమ్మ గుండెల మీద చెయ్యేసుకుంది. "మగోడు తినకముందుకే మూతి పెడ్తివా బిడ్డా?" అంది. పప్పంతా బర్రె కుడితిలోకి పోయింది. బర్రె మాత్రం ఏ వంకా పెట్టలేదు. అప్పటి నుంచీ, మామ పోయి అత్త వాళ్ల దగ్గరికే పట్నం వచ్చేశాక కూడా, యాదలక్ష్మి చేతి అంచనాతో, రంగు చూసి, ఆవిరి వాసన పట్టి వండుతోంది. అందరూ తిన్నాక తను కూర్చునేసరికి కూర చల్లారిపోయేది, ఆయన చెప్పిన మాట మాత్రం చెవుల్లో వేడిగానే ఉండేది. ఆయన చప్పగా ఉందంటే ఆమెకూ చప్పగానే తోచేది. ఎక్కువైందంటే నాలుక మీద నిజంగానే ఉప్పు మండేది. అందుకే ఇన్నేళ్లయినా తన చేతికి వంట వచ్చో రాదో ఆమెకు తేలలేదు. తేల్చుకోవాలన్న కోరిక మాత్రం పోలేదు. పెద్ద పెద్ద విషయాలు బోలెడు ఉండగా ఇంత చిన్నదాని మీద ఏడుపేమిటని తనను తనే కసురుకునేది, అయినా స్టవ్ ముందు నిలబడ్డప్పుడల్లా అది గుచ్చుకునేది.

మహిపాల్ చెడ్డవాడు కాదు, ఆ మాట చెప్పుకోవాలి. చెయ్యెత్తడు, తాగడు. ఇంట్లో కూర్చోలేకపోవడమొక్కటే ఆయన జబ్బు. సాయంత్రం కాగానే స్కూటర్ బయటికి తీసి, "పా, జర గట్ల తిరిగొద్దాం," అనేవాడు. ఆయనకు మాస్క్, మాస్క్ మీద మంకీ క్యాప్, దాని మీద హెల్మెట్. ఆమెకు మాస్క్, స్వెటర్, తల చుట్టూ స్కార్ఫ్. సందులో కుక్కలు కూడా గుర్తుపట్టక మొరిగేవి.

ఆ చలికాలం తిరుగుళ్లన్నీ ఏదో ఒక పరేషాన్‌తోనే ముగిశాయి. దీపావళి పోయిన కొత్తలో సి విటమిన్ అని కొత్తపేట పండ్ల మార్కెట్‌కు తీసుకుపోయాడు. మాస్క్ లోపలి ఆవిరికి కళ్లద్దాలు మసకబారి, ఆయన సంత్రాలను తడిమి తడిమి ఏరాడు. "వాసనొస్తున్నయి, చెడిపోయినట్టున్నయి," అంది యాదలక్ష్మి. "నీకు ముక్కెక్కువ," అన్నాడాయన. ఇంటికొచ్చి విప్పితే అడుగున సగం బూజు పట్టి ఉన్నాయి. ఇంకో రోజు చైతన్యపురిలో మెట్రో పిల్లర్ కింద స్కూటర్ ఆగిపోయింది. ఆయన హ్యాండిల్ పట్టుకుని నడిచాడు. ఆమె ఒక చేత్తో కూరగాయల సంచి, ఇంకో చేత్తో స్కూటర్ వెనకభాగం పట్టుకుని తోసింది. "ఇద్దరం కలిసి తోసినం," అని ఆయన ఇంట్లో తల్లికి చెబుతుంటే యాదలక్ష్మి చేతుల మసి కడుక్కుంది.

ఒక ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వైపు మిర్చి బండి దగ్గర ఆగారు. జనం మాస్కులు గడ్డం కిందికి లాక్కుని, దూరం పాటించమన్న బోర్డుకే ఆనుకుని తింటున్నారు. మహిపాల్ రెండు మిర్చీలు లాగించి కళ్లు మూసుకున్నాడు. "గిదీ! కారం పడుడంటే గిట్ల పడాలె. చేతిల ఉండాలె లక్ష్మీ." ఆమె కొరికి చూసింది. పాత నూనె కంపు, లోపల పచ్చి పిండి. ఆయన అంత మెచ్చుకుంటున్నది తనకెందుకు ఇలా ఉంది? కరోనా వస్తే రుచి పోతుందని టీవీలో రోజూ చెబుతున్నారు. తనకే వచ్చిందనుకుంది. మర్నాటి నుంచి లేవగానే వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీసి గట్టిగా పీల్చేది. ఘుప్పున వాసన తగిలితే గుండె కుదుటపడేది. కుదుటపడి ఇడ్లీ పెడితే మహిపాల్ "చట్నీల ఉప్పు లేదు" అనేవాడు, మళ్లీ ఇంగువ డబ్బా దగ్గరికి పోయేది.

మిగతా నవంబరంతా ఇలాగే సాగింది. ఆమె ఉప్పు ప్యాకెట్ మార్చింది, కారం మార్చింది. తల్లిగారింటి నుంచి వస్తున్న వాళ్లతో చింతపండు తెప్పించింది. ఒకరోజు "వంకాయ మాడు వాసనొస్తుంది" అంటే గిన్నెడు కూర పారబోసి, తల నొప్పిగా ఉన్నా మళ్లీ తరిగి మళ్లీ వండింది. రెండోదీ ఆయనకు నచ్చలేదు. ఆ మధ్యాహ్నం స్నానాల గదిలో నల్లా తిప్పి ఏడ్చింది, చప్పుడు బయటికి వినపడకుండా.

డిసెంబర్ సగంలో కంపెనీ వాళ్లు స్టాక్ చూసుకోవడానికి రమ్మన్నారు, టెస్ట్ చేయించుకుని మరీ రమ్మన్నారు. ఇద్దరూ స్కూటర్ మీద టెస్టుల టెంట్‌కు పోయారు. నేల మీద సున్నంతో గీసిన గుండ్రాలు. మహిపాల్ ముందు గుండ్రంలో, యాదలక్ష్మి వెనక గుండ్రంలో నిలబడ్డారు. బల్ల దగ్గర తల నుంచి కాళ్ల దాకా తెల్లటి కవర్ తొడుక్కున్న నర్సు, గుండె మీద ప్లాస్టర్ అతికించి దాని మీద పెన్నుతో 'గ్రేస్' అని రాసుకుంది.

"జ్వరమున్నదా అన్నా?"

"లే."

"దగ్గు?"

"లే."

"వాసన, రుచి తెలుస్తున్నయా?"

మహిపాల్ ఒకసారి వెనక్కి చూశాడు. తర్వాత బల్ల మీదికి వంగి ఏదో గొణిగాడు.

"గట్టిగ చెప్పన్నా, గీ కవర్ల నాకేం ఇనపడ్తలేదు."

"తెలుస్తలే!"

"ఏది, వాసననా, రుచా?"

"రెండూ."

"ఎన్నాళ్ల సంది?"

"దీపావళి పోయినంక... గా వారంల సంది."

"నెలాయె గదన్నా! మరి ఉప్పు, కారం?"

"ఏం తెల్వదు మేడం. ఏది తిన్నా మట్టి తిన్నట్టే ఉంది."

వెనక గుండ్రంలో యాదలక్ష్మి మొదట సున్నం గీత దాటి ఆయన వైపు ఒక అడుగేసింది. అయ్యో, మనిషికి వచ్చింది, వచ్చి నెలయింది, ఒక్కడే లోపల పెట్టుకుని తిరిగాడు. ఎందుకు దాచాడో ఆమెకు తెలుసు. ఇంటి ఓనర్ విశ్వేశ్వరరావు గారు ఏప్రిల్‌లోనే మెట్ల మీద నిలబడి, "మీలో ఎవరికైనా వస్తే మాత్రం ఇల్లు ఖాళీ చేసేయాలండీ, ముందే చెప్పేస్తున్నాను," అన్నారు. పాపం, ఎంత భయపడి ఉంటాడో అనుకుని ఆమెకు కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లు తుడుచుకుంటూ ఉండగానే పొద్దుటి చారు గుర్తొచ్చింది. మట్టి తిన్నట్టుంటే అది చప్పగా ఉందని ఎట్లా తెలిసింది? ముక్కు లేని మనిషికి మాడు వాసన ఎక్కడి నుంచి వచ్చింది? పారబోసిన గిన్నెడు వంకాయ, మార్చిన ఉప్పు, నల్లా కింద ఏడుపు, ఇంగువ పీల్చి పీల్చి ఎర్రబడిన తన ముక్కు, అన్నీ వరసగా ముందుకొచ్చి నిలబడ్డాయి. నెల రోజులు, మూడు పూటలా, ఈయన ఏ నాలుకతో తీర్పు చెప్పాడు? సరే, నెల నుంచి నాలుక లేదు. అంతకుముందు పదిహేడేళ్లు ఉన్న నాలుక మాత్రం పనిచేసిందని నమ్మకమేమిటి?

తిరుగు దారిలో ఆమె స్కూటర్ వెనక నుంచి అడిగింది. "పొద్దుగాల చారు సప్పగుందన్నరు గద?"

రింగ్ రోడ్ సిగ్నల్ దాకా ఆయన హారన్ కొట్టుకుంటూ పోయాడు. అక్కడ ఎర్ర లైట్ పడి తప్పించుకునే దారి లేకపోయింది.

"అంటే... రోజూ జర సప్పగనే ఉంటది గద. ఇయ్యాల గూడ ఉంటదనుకున్న."

"మొన్న వంకాయ మాడు వాసనొస్తుందన్నరు."

"నువ్వు ఫోన్ల మాట్లాడుకుంట వండినవ్. మాడే ఉంటదనుకున్న."

"మరి మిర్చి బండి మంచిగుందన్నరు?"

"గంతమంది నిలబడి తింటున్నరు. మంచిగ లేకుంటే నిలబడ్తరా?"

పచ్చ లైట్ పడింది. యాదలక్ష్మికి నవ్వొచ్చింది. మాస్క్ ఉందన్న ధైర్యంతో ఇంటిదాకా నవ్వింది. ఇంటి ముందు దిగేసరికి మాత్రం నవ్వు పోయి ఒళ్లంతా మంట మొదలైంది.

టెస్ట్‌లో ఏమీ లేదని వచ్చింది. రుచి మెల్లగా వస్తుందన్నారు. ఆ కొన్నాళ్లు మహిపాల్ బుద్ధిమంతుడిలా పెట్టింది తిని లేచాడు, ఇల్లు ప్రశాంతంగా ఉంది. క్రిస్మస్ పోయాక ఒక పొద్దున స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి, "సబ్బు వాసనొస్తుంది! నాకు అంతా మంచిగయింది!" అని ప్రకటించాడు. అండాలమ్మ కొడుక్కి దిష్టి తీసింది. ఆ మధ్యాహ్నమే పప్పులో చెయ్యి పెట్టి, "ఉప్పెక్కువైంది," అన్నాడు. యాదలక్ష్మి కాళ్లు అలవాటు కొద్దీ మజ్జిగ కోసం కదిలాయి. సగం దారిలో ఆగిపోయింది. వచ్చింది రుచా, పాత అలవాటా? ఇది తేలాలి అనుకుంది.

ఆదివారం ఆయన కటింగ్ షాపుకు పోయినప్పుడు గుత్తి వంకాయ వండింది. సగం స్టీల్ గిన్నెలో పోసింది. మిగతా సగం ప్లాస్టిక్ కవర్లో పోసి, కర్రీ పాయింట్ వాళ్లు కట్టినట్టే మూతి మెలితిప్పి దారం చుట్టింది. చుడుతూ, దొంగతనం చేస్తున్నట్టు రెండుసార్లు తలుపు వైపు చూసింది.

"ఇయ్యాల కర్రీ పాయింట్ల గూడ తెచ్చిన. ఇది ఇంట్లది, ఇది వాళ్లది," అని తల్లీకొడుకుల ముందు రెండూ పెట్టింది.

మహిపాల్ ముందు గిన్నెలోది కలిపాడు. మొహం ముడుచుకుంది. "కారం లేదు, పులుపు లేదు. ఏందో ఉంది." తర్వాత కవర్ దారం విప్పి కలుపుకుని, కొత్త కటింగ్ తలను మెల్లగా ఊపాడు. "గిదీ వంకాయంటే! గీళ్లు మసాల ఏమేస్తరో పోయి అడుగు జర, నేర్చుకో."

అండాలమ్మ ఆ ముద్దా ఈ ముద్దా నోట్లో పెట్టుకుంది. "రెండొక్కతీరే ఉన్నయి గదరా?"

"నీకు పండ్లు లేవు, రుచేం తెలుస్తదే అవ్వా," అని కొడుకు కవర్ మొత్తం కంచంలోకి పిండుకున్నాడు.

కొడుకు చెయ్యి కడుక్కుని ఫోన్ పట్టుకుని బాల్కనీలోకి పోయాక, ముసలామె మెల్లగా వంటింట్లోకి వచ్చింది.

"రెండు ఒక్క గిన్నెవేనా?"

యాదలక్ష్మి తలూపింది. తిట్లు పడతాయని సిద్ధంగా నిలబడింది. అండాలమ్మ స్టవ్ పక్కన పీట మీద కూర్చుని వంకాయ గిన్నె దగ్గరికి లాక్కుంది.

"మీ మామ బతికినన్ని దినాలు మంచిగుందనలే. నాకు వంట రాదనే అనుకున్న. నేనెన్నడు మూతి పెట్టి చూడకపోతి బిడ్డా."

పప్పు కుడితిలో పోయించిన ఆ అత్త మీద ఇన్నేళ్లు దాచుకున్న కోపం ఎక్కడ పెట్టుకోవాలో యాదలక్ష్మికి తెలియలేదు. చిన్న గిన్నెలో వంకాయ వేసి, వేడి అన్నం పెట్టి ఇచ్చింది. తనూ ఒక గిన్నె తీసుకుని పక్కన కూర్చుంది. నువ్వుల కమ్మదనం ముందుగా తెలిసింది, ఆ వెనక చింతపండు పులుపు, చివర్లో కారం. ఉప్పు ఎంత ఉండాలో అంతే ఉంది. అత్త రెండోసారి వడ్డించుకుంది.

జరిగింది మహిపాల్‌కు చెప్పాలా అని యాదలక్ష్మి ఆలోచించింది. చెబితే ఏమంటాడో కూడా తెలుసు: కవర్ల పెడ్తే రుచి మారుతది అంటాడు. చెప్పొద్దనుకుంది. తెలుసుకోవాల్సింది తనకు తెలిసింది, అది చాలు.

మర్నాటి నుంచి ఆమె స్టవ్ మీదున్న కూర గరిటెతో తీసి, ఊది, నాలుక మీద వేసుకుని చూసేది. తక్కువైతే ఇంకాస్త వేసేది, సరిపోతే మూత పెట్టేది. అండాలమ్మ చూసీ చూడనట్టు కూరగాయలు తరిగేది. కంచాలు ఇప్పుడు మూడూ ఒకేసారి పెడుతోంది. మహిపాల్ మొదట్లో "సప్పగుంది," "పులుపెక్కువైంది," అని అన్నాడు. ఎవరూ పరుగెత్తలేదు. ఉప్పు డబ్బా ఆయన ముందుకే జరిగింది. రెండు మూడు సార్లు తనే వేసుకుని, నోరంతా ఉప్పయి నీళ్లు తాగి, ఆ తర్వాత ముట్టుకోవడం మానేశాడు.

జనవరిలో ఒక మధ్యాహ్నం ఆయన ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి ఆపాడు. యాదలక్ష్మి ఎదురుగా కూర్చుని వేడి వేడిగా తింటోంది. ఆమె వైపు చూశాడు.

"ఏందే, ఈ మధ్య ఎట్లుందని అడుగుతనే లేవు?"

"అడుగుడెందుకు? మంచిగుంది. తినుండ్రి."