దొంగ బిట్టు

అమీర్‌పేటలో ఫుట్‌పాత్ మీద నడవడానికి తప్ప అన్నిటికీ చోటుంది. ఇడ్లీ బండికి ఉంది, ఫోన్ కవర్లకు ఉంది, హాస్టల్ బోర్డులకు ఉంది, ఎవరిదో తెలియని ఒక పాత ఫ్రిజ్జుకు కూడా మూడేళ్ళుగా ఉంది. మనిషికే లేదు. అందుకని ఆనందం రోజూ పొద్దున పంజాగుట్ట నుంచి రోడ్డు అంచు పట్టుకుని, వెనక నుంచి హారన్ కొట్టినవాడికి దారిస్తూ, ముందు నుంచి రాంగ్ సైడులో వచ్చినవాడికి సారీ చెబుతూ నడుస్తాడు. తప్పెవరిదైనా సారీ తానే చెప్పడం అతనికి ముప్ఫై ఏళ్ళ అలవాటు. దానివల్ల చాలా గొడవలు తప్పాయి, కొంత జీవితం కూడా తప్పింది.

ఆనందానికి యాభై ఏడేళ్ళు. సన్నటి మనిషి. కంప్యూటర్ ముందు కూర్చుని కూర్చుని మెడ ముందుకు సాగిపోయి, అవతలివాళ్ళు చెప్పేది సరిగ్గా వినబడనట్టు కనిపిస్తాడు. నిజానికి అన్నీ వినబడతాయి. చొక్కా జేబులో రెండు పెన్నులుంటాయి, ఏ ఒక్కటీ రాయదు. పెళ్ళి సంగతి ఉద్యోగం పర్మనెంటయ్యాక చూద్దామనుకున్నాడు. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు.

ఆ ఉద్యోగం, మెట్రో స్టేషన్ వెనక సందులో, సర్కారు కొలువుల పరీక్షలకు కోచింగిచ్చే ఒక సెంటర్లో పుస్తకాలు టైపు చేసే పని. రెండో అంతస్తులో అతనికంటూ ఒక గది ఉంది. తలుపు మీద 'డీటీపీ సెక్షన్' అని రాసుంటుంది. ఒకప్పుడది బాత్‌రూం. గోడలకు ఛాతీ ఎత్తుదాకా నీలం టైల్సు ఇంకా ఉన్నాయి. కొళాయి తీసేసిన చోట చొక్కా తగిలించుకునే కొక్కెం పెట్టారు. ఎండాకాలం చల్లగా ఉంటుందని మిగతా స్టాఫ్ అందరికీ ఆనందం మీద లోలోపల అసూయ.

ఆ గదిలోంచి అతను ముప్ఫై మూడు జిల్లాల్ని పుట్టించాడు. మొదట పది ఉండేవి. తర్వాత ముప్ఫై ఒకటయ్యాయి, ఆపైన ఇంకో రెండు. జిల్లాలు పెరిగినప్పుడల్లా జనం మిఠాయిలు పంచుకున్నారు, ఆనందం పేజీలు పంచుకున్నాడు. ఒక్కో జిల్లాకు నాలుగు పేజీలు. మొదట భౌగోళికం, తర్వాత ఆర్థికం, చివర ఆధ్యాత్మిక వారసత్వం. ఏ జిల్లానూ చిన్నచూపు చూడకుండా అన్నిటికీ 'వ్యవసాయం ప్రధాన వృత్తి' అని ఒకే ప్రేమతో కొట్టాడు. ఏ వాగు ఏ నదిలో కలుస్తుందో, ఏ గుట్ట మీద ఏ దేవుడున్నాడో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాటిలో ముప్పాతిక వంతు చూడలేదు. చూడాలంటే లీవు పెట్టాలి.

ఆ మంగళవారం ఏడో ఎడిషన్ ప్రెస్సుకు పోవాలి. సాయంత్రం అయిదు దాకా టైము. పదిన్నరకు డైరెక్టర్ కమలాకర్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాడు. ఆ గదిలోకి అడుగు పెడితే చెప్పులు విప్పాలో, కాళ్ళు కడుక్కోవాలో ఆయనకు ఇప్పటికీ తేలలేదు.

"ఆనందమన్నా, గా సిరిసిల్ల జిల్లాల దొంగ బిట్టు ఉన్నది గదా. తీసెయ్యి."

ఆనందం చేతులు ఆగాయి. "ఎందుకు సార్?"

"గ్రాండ్ టెస్టుల మార్కు పోయిందని ఎవరో పిల్ల లొల్లి పెడుతున్నది, గసుంటి జాతరనే లేదని. రేపు యూట్యూబుల పెడితే మన ఇజ్జత్ పోతది. సప్పుడు చెయ్యకుంట తీసెయ్యి."

"గా పిల్లకు మార్కు ఇయ్యాల్నా మరి?"

"మార్కిస్తె తప్పు ఒప్పుకున్నట్టు గాదా? బుక్కుల తీసెయ్యి. టెస్టుల ఉండనియ్యి." కమలాకర్ రెండడుగులు పోయి మళ్ళీ తిరిగాడు. "మనదంత ఒక ఫ్యామిలీ అన్నా. ఫ్యామిలీల విషయం బైటికి పోవద్దు."

ఈ దొంగ బిట్టు సంగతి తెలియాలంటే ఎనిమిదేళ్ళు వెనక్కి పోవాలి. కోచింగ్ భాషలో బిట్టంటే నాలుగు జవాబుల్లో ఒకటి టిక్కు పెట్టే ప్రశ్న. కొత్త జిల్లాలు వచ్చిన ఆ ఏడు అమీర్‌పేటలో ఒక సెంటర్ వాళ్ళ పుస్తకాన్ని ఇంకో సెంటర్ వాళ్ళు అచ్చుతప్పులతో సహా ఎత్తుకుపోయేవాళ్ళు. కమలాకర్ ఒక ఉపాయం పన్నాడు. పుస్తకంలో ఎక్కడో ఒకచోట, ఎవరికీ అనుమానం రాకుండా, ఒక అబద్ధం పెట్టాలి. అదే అబద్ధం ఎవరి పుస్తకంలో కనబడితే వాడే దొంగ.

"నువ్వే ఏదన్న పెట్టన్నా. చిన్నది," అన్నాడు.

ఆనందం రెండు గంటలు కూర్చున్నాడు. అబద్ధం రాలేదు. లేని నది పారించడానికి మనసొప్పలేదు, లేని కోట కట్టడానికి చేతులు రాలేదు. చివరికి తన జిల్లా పేజీలో, తన ఊరి పేరు కింద, ఇలా కొట్టాడు:

'పోశవ్వ జాతర: కొండ్రాపల్లి గ్రామమందు గురువారం రోజున జరుగును. నైవేద్యం పల్లీలు, బెల్లం. మతభేదం లేక అందరు పాల్గొందురు.'

పోశవ్వ అతని తల్లి. కొండ్రాపల్లి గల్లీలో మరమగ్గాల మోత మధ్య గోడకు ఆనుకుని, కండెలకు నూలు చుట్టుతూ నలభై ఏళ్ళు గడిపింది. ఆమె పేరు రేషన్ కార్డు మీద ఒకసారి, మరణ ధ్రువీకరణ పత్రం మీద ఒకసారి అచ్చయింది. రెండుచోట్లా తప్పే పడింది. మూడోసారి కొడుకు చేతిలో సరిగ్గా పడింది.

మూడు నెలల్లో దొంగ దొరికాడు. ఎదురు సందులోని సెంటర్ పుస్తకంలో పోశవ్వ జాతర పల్లీలు, బెల్లంతో సహా ప్రత్యక్షమైంది. కమలాకర్ పుస్తకం పట్టుకుని ఆవేశంగా వెళ్ళాడు. "జాతర మీ సొంతమా సార్? జరిగే జాతర ఎవరైన రాసుకోవచ్చు," అన్నారు వాళ్ళు. అసలా జాతరే లేదని చెప్పడానికి కమలాకర్ నోరు తెరిచి, అలా చెబితే తన పుస్తకం అబద్ధమవుతుందని గుర్తొచ్చి, మూసుకుని, వాళ్ళిచ్చిన చాయ్ తాగి వచ్చాడు. ఆ తర్వాత పోశవ్వ పంజాగుట్ట దాకా పాకింది. పదకొండు పుస్తకాల్లోకి ఎక్కింది. హాస్టల్ మేడల మీద పొద్దున్నే పిల్లలు అటూ ఇటూ తిరుగుతూ "పోశవ్వ జాతర, గురువారం... పోశవ్వ జాతర, గురువారం" అని వల్లె వేస్తుంటే ఆనందం కింద రోడ్డు మీద ఒక నిమిషం నిలబడేవాడు. వెనక ఎవడో హారన్ కొడితే సారీ చెప్పి కదిలేవాడు.

ఇప్పుడది తీసెయ్యాలి. పదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా మిగతా ముప్ఫై రెండు జిల్లాల ప్రూఫులు రెండేసి సార్లు చూశాడు. ఆదిలాబాద్‌లో ఒక కామా మార్చి, మళ్ళీ పాత చోటే పెట్టాడు.

మూడింటికి కింద జిరాక్స్ షాపు సాబిర్ చాయ్ పట్టుకొచ్చాడు. ఇరవై ఏళ్ళ నుంచి ఆ సెంటర్ పుస్తకాలన్నీ బైండింగ్ చేసేది అతనే.

"క్యా భాయ్, ఫైల్ ఇంక పోలేదా? ప్రెస్సోడు నాకు ఫోన్ మీద ఫోన్ కొడుతుండు. నేనేమన్న నీ సెక్రటరీనా?"

"ఒక్క బిట్టు మిగిలింది సాబిర్ భాయ్."

"ఒక్క బిట్టుకు గింత ఫికరా? నువ్వు షాదీ గురించి సుత గింత సోంచాయించలే."

సాబిర్ దిగిపోతుండగా మెట్ల మీద ఒకమ్మాయి పైకి ఎక్కివచ్చింది. నల్ల స్కార్ఫు, భుజాన బరువైన సంచి, చేతిలో మడతపెట్టిన ప్రశ్నపత్రం. ముఖం చూస్తేనే మార్కు కోసం వచ్చిందని తెలుస్తుంది. ఇరవై రెండేళ్ళుగా ఆనందం ఆ ముఖాన్ని చూస్తూనే ఉన్నాడు, కింద పేర్లు మారుతుంటాయి అంతే.

"సార్, నేను జువేరియా. గ్రాండ్ టెస్టుల డెబ్బై రెండో బిట్టు."

అతనికి నంబరు చెప్పక్కర్లేదు. పోశవ్వ జాతర ఏ రోజు జరుగును? ఎ సోమవారం, బి మంగళవారం, సి గురువారం, డి పైవేవీ కావు.

"కీల సి ఇచ్చిండ్రు. నేను డి పెట్టిన. మాది గదే ఊరు సార్, కొండ్రాపల్లి. పుట్టినప్పటిసంది గాడనే ఉన్న. గా జాతర నేనెన్నడు చూడలే."

"కమలాకర్ సార్‌తోని చెప్పినవా?"

"చెప్పిన. 'నీకెక్వ తెల్సా, బుక్కుకెక్వ తెల్సా' అన్నడు. గందుకే మా దాదీకి ఫోన్ చేసి అడిగిన. రికార్డు సుత చేసిన. ఇనుండ్రి."

ఆనందం వద్దనేలోపే ఫోన్లోంచి ముసలి గొంతు ఒకటి ఆ నీలం టైల్స్ గదిలో మోగింది.

"జాతరేందే పిచ్చిపోరి! పోశవ్వ జాతర గాదు, మనిషి. మన గల్లీలనే ఉండె, కండెలు చుట్టేది. గురువారం కరెంటు ఉండకపోతుండె గదా, మగ్గం సాంచెలు బందు. గా ఒక్కరోజే ఆమెకు సెలవు. పల్లీలేయించి, బెల్లం గొట్టి, గల్లీ పోరగాండ్లనందర్ని పిలిచేది. మీ అబ్బ సుత గాడనే పడి ఉంటుండె. ఆ లొల్లి చూస్తె జాతర లెక్కనే ఉంటుండె తియ్యి. పాపం, మంచిది. ఒక్కడే కొడుకు. పట్నం పోయిండు. ఏం జేస్తుండో ఏమో."

అమ్మాయి ఫోన్ ఆపింది. "చూసిండ్రా సార్? జాతర లేదు."

ఆనందం టైల్స్ వైపు చూస్తున్నాడు. "ఇంకోసారి పెట్టు బిడ్డా," అన్నాడు.

ఆమె మళ్ళీ పెట్టింది. ఈసారి అతను కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టి, గొంతు ఆగిపోయాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

"మీ దాదీ పేరు ఇమామ్ బీ గదా."

"మీకెట్ల తెల్సు సార్?"

"మా ఎనుక గోడ. నా చిన్నప్పుడు కొత్త పెండ్లికూతురు." కళ్ళజోడు పెట్టుకున్నాడు. "కంప్యూటర్ పని జేస్తుండని చెప్పు."

"ఎవరు సార్?"

"గా కొడుకు."

జువేరియా అతని వైపు, తర్వాత స్క్రీన్ మీద తెరిచి ఉన్న పేజీ వైపు, మళ్ళీ అతని వైపు చూసింది. ఆ తెలివైన పిల్లకు విషయం అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఏమనాలో మాత్రం అర్థం కాలేదు. సిలబస్‌లో లేదు. కాసేపు సంచి పట్టీ సర్దుకుంది.

"అయితే సార్..." అంది మెల్లగా, "నా మార్కు?"

ఆనందం నవ్వాడు. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ నవ్వలేదు, అది బాత్‌రూంగా ఉన్న రోజుల్లో కూడా.

"నీ జవాబే కరెక్టు బిడ్డా. నాదే తప్పు. సారీ."

ఈసారి తప్పు నిజంగా అతనిదే. ఆమె ముందే జవాబుల కీ తెరిచి డెబ్బై రెండులో సి తీసి డి పెట్టాడు. జువేరియాకు ఒక మార్కు వచ్చింది. బట్టీ పట్టిన రెండొందల పన్నెండు మందికి ఒక్కో మార్కు పోయింది. రేపు కమలాకర్ ముఖం ఎలా ఉంటుందో ఆనందానికి తెలుసు. ఎందుకో భయం వెయ్యలేదు.

అమ్మాయి దిగిపోయాక సిరిసిల్ల పేజీకి వచ్చాడు. పోశవ్వ జాతర దగ్గర మొదలుపెట్టి 'పాల్గొందురు' దాకా నల్లగా సెలక్టు చేశాడు. కొంచెంసేపు అలాగే ఉంచాడు. తల్లి దుప్పటి కప్పుకుని పడుకున్నప్పుడు లేపాలా వద్దా అని చిన్నప్పుడు నిలబడ్డట్టు నిలబడ్డాడు. తర్వాత తీసేశాడు.

పేజీలో మూడు లైన్లు ఖాళీ పడ్డాయి. పేజీ ఖాళీగా ప్రెస్సుకు పంపడం డీటీపీ వాళ్ళ మర్యాద కాదు. పైకి వెళ్ళి, ఆధ్యాత్మికం దాటి, ఆర్థికంలో మరమగ్గాల పేరా చివర ఇలా కొట్టాడు:

'కొండ్రాపల్లిలో ఒకప్పుడు గురువారం కరెంటు ఉండేది కాదు. కండెలు చుట్టే స్త్రీలకు వారంలో ఆ ఒక్కరోజే సెలవు. ఆనాడు కొందరు గల్లీలోని పిల్లలందరికీ పల్లీలు, బెల్లం పెట్టేవారు.'

పేరు లేదు. ఒక్క అక్షరం అబద్ధం లేదు. మూడు లైన్లూ సరిగ్గా సరిపోయాయి.

నాలుగూ యాభైకి ఫైలు పోయింది. కమలాకర్ గుమ్మంలోకి వచ్చాడు.

"తీసేసినవా?"

"తీసేసిన సార్."

"పేజీ ఖాళీ పడ్డదా?"

"లేదు సార్. ఎకానమీల మూడు లైన్లు పెంచిన."

"మంచిగ చేసినవ్. ఎకానమీ పెరగాల్నే."

"సార్, గురువారం ఒక్కరోజు లీవు గావాలె. ఊరికి పోయొస్త."

కమలాకర్ ఆశ్చర్యపోయాడు. ఆనందం లీవు అడగడం ఆయన ఎరగడు. "ఫ్యామిలీల లీవులుంటయా అన్నా?" అని మొదలుపెట్టి, అతని ముఖం చూసి, "సరె, పో. శుక్రవారం పొద్దుగాల్ల మాత్రం జల్ది రా," అన్నాడు.

సందు చివర బండి దగ్గర ఆనందం కిలో పల్లీలు కొన్నాడని సాబిర్ తర్వాత చెప్పాడు. పచ్చివి. తానే వేయించుకుంటానన్నాడట.

బుధవారం పదకొండైనా డీటీపీ సెక్షన్ తాళం తీయలేదు. సాబిర్ పంజాగుట్టలో అతని గదికి వెళ్ళి తలుపు కొట్టాడు, తర్వాత ఇంటి ఓనరు కొట్టాడు, ఆ తర్వాత తలుపునే పగలగొట్టారు. నిద్రలోనే పోయాడు. చుట్టూ నడిచి వెళ్ళేంత దూరంలో అన్ని పెద్దాసుపత్రులున్నా, ఒక్కదాన్నీ ఇబ్బంది పెట్టలేదు.

గురువారం నాడు సందు మొగదల ఒక చిన్న శ్రద్ధాంజలి ఫ్లెక్సీ కట్టాలనుకున్నారు సాబిర్, జువేరియా. ఫోటో దొరికింది. పేరు కొట్టాలి. జువేరియా ఫోన్లో కొట్టి పంపితే, డీటీపీ సెక్షన్‌లోని పాత సిస్టంలో అక్షరాల బదులు డబ్బాలు డబ్బాలు పడ్డాయి. నేరుగా అందులోనే కొడదామని ఇద్దరూ అతని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. ఇరవై రెండేళ్ళలో అతని వేళ్ళు ఆ కీబోర్డు మీద ఉన్న అక్షరాలన్నీ తుడిచేశాయి. ఎక్కడ ఏముందో అతని వేళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు. గంట నుంచి ఒక్కో మీటా నొక్కి చూస్తున్నారు. 'ఘ' పడుతోంది, 'ఱ' పడుతోంది, ఒకసారి ఏకంగా ఆదిలాబాద్ పడింది.

అయ్యా, అమ్మా, చదువుతున్నవాళ్ళలో పాత డీటీపీ వచ్చినవాళ్ళెవరైనా ఉంటే దయచేసి కాస్త చెప్పండి. 'ఆనందం' అని పడాలంటే మొదట ఏ మీట నొక్కాలి? ఫ్లెక్సీ షాపువాడు ఆరింటికి మూసేస్తాడు, ఆ కీబోర్డు చూస్తే నదిలో రాయిలా నున్నగా ఉంది, మధ్య వరుసలో రెండు మీటలు మాత్రం వేళ్ళ ఆకారానికి కొద్దిగా లోపలికి అరిగి ఉన్నాయి.